పళ్లతో వేసిన ముడి

తుఫాను హెచ్చరిక రావడంతో పడవలన్నిటినీ ఇసుక మీదికి లాగి కట్టేసిన రోజుల్లో, కొత్తపట్నంలోని మా పెదనాన్న గారింట్లో, కరెంటు లేని రెండు రాత్రులు ఛార్జింగ్ లైటు పెట్టుకుని బ్రామ్ స్టోకర్ రాసిన ‘డ్రాకులా’ను మళ్లీ చదివాను. ఒంగోలులో డిగ్రీ చదివేటప్పుడు మొదటిసారి చదివాను గానీ, అప్పుడు కోట, శవపేటిక, మెడ మీది గాట్లు తప్ప మరేమీ మనసుకు ఎక్కలేదు. ఈసారి మాత్రం ఓడ దగ్గరే ఆగిపోయాను.

1897లో వెలువడిన ఈ నవలలో కథ చెప్పేవాడంటూ ఒక్కడు లేడు. దినచర్యలు, ఉత్తరాలు, తంతివార్తలు, పత్రికల కత్తిరింపులు ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి. వార్నా రేవులో బయలుదేరిన డెమీటర్ అనే రష్యా ఓడ, ఇంగ్లండులోని విట్బీ తీరానికి తుఫానులో కొట్టుకువచ్చిన వైనాన్ని మనం మొదట ఒక పత్రికా వార్తలోనే చదువుతాం. ఓడలో ప్రాణంతో ఉన్న మనిషి ఒక్కడూ లేడు. చుక్కాని చక్రానికి చేతులు కట్టేసి ఉన్న కెప్టెన్ శవం, దాని జేబులో బిరడా బిగించిన సీసా, సీసాలో చుట్టిన కాగితం, అంతే. ఆ తరువాతగాని ఓడ దినచర్య మన చేతికి రాదు. నావికులు ఒక్కొక్కరే మాయమవుతుంటే, ఆ కెప్టెన్ తేదీ వేసి, గాలి ఎటు వీస్తున్నదో కూడా రాసుకుంటూ పోతాడు. అన్ని పుటల్లోనూ, ఆ ఓడలో దాగి ప్రయాణిస్తున్న రక్తపిశాచి డ్రాకులా ఒక పొడుగాటి మనిషిగా లీలగా కనబడి పోతాడే తప్ప ఎదురు పడడు.

మరునాడు ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న సరంగు మామకు ఈ కథ చెప్పాను. దయ్యం సంగతి ఆయన పట్టించుకోలేదు. ‘‘రెండు చేతులూ కట్టేసుంటే ఆఖరి ముడి ఎవురేసినట్టు అబ్బయా?’’ అని అడిగాడు. తన చేతులు తానే కట్టుకుని, ముడిని పళ్లతో బిగించి ఉంటాడని తీరరక్షకుడు అన్నట్టుగా నవలలో ఉన్నదని చెప్పాను. ఆయన చేతిలోని దారాన్ని ఒకసారి పళ్ల మధ్య పెట్టి చూసుకుని, ‘‘అయితే సరే’’ అన్నాడు.

ఈ నవలకు అనుమతి తీసుకోకుండా మూర్నావ్ 1922లో జర్మనీలో తీసిన మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’. డ్రాకులాను ఓర్లోక్ అని, అలా పేర్లు మార్చినా రచయిత భార్య ఫ్లోరెన్స్ స్టోకర్ ఊరుకోలేదు. ప్రతులన్నీ నాశనం చేయాలని 1925లో అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయినా కొన్ని మిగిలాయి. మెట్ల గోడ మీద గోళ్లు సాచుకుంటూ పాకే ఆ నీడను చూసినప్పుడు, మిగలడమే మంచిదయిందని నాకు అనిపిస్తుంది. ఓడ ఘట్టం దగ్గర మాత్రం నా ఓటు పుస్తకానికే. పేటికలోంచి కట్టెలా నిటారుగా లేచే ఓర్లోక్‌ను చూపించడంతో, ఆ కాగితాల్లో ఉన్న అనుమానం కాస్తా తీరిపోయింది.

రక్తపిశాచి ఎండ తగిలితే చస్తాడన్నది కూడా ఈ చిత్రం తెచ్చిపెట్టిన మాటే. నవలలో డ్రాకులా లండన్‌లోని పికడిల్లీలో పట్టపగలు కనిపిస్తాడు. చివరికి సూర్యాస్తమయ వేళ, ఒకరి కుక్రీ దెబ్బకు, మరొకరి కత్తిపోటుకు చస్తాడు. చిత్రంలో కోడి కూస్తుంది, సూర్యుడు వస్తాడు, ఓర్లోక్ పొగయిపోతాడు. కోడి కూసేలోగా దయ్యం తన చోటికి చేరుకోవాలని మా నాయనమ్మ చెప్పే కథలు విన్నవాడిని కాబట్టి, ఇన్నేళ్లూ ఇది నవలలోదేనని నమ్మాను.

ఇందులో ఒక తమాషా ఉంది. రాత్రి దృశ్యాలను పగటి వెలుతురులోనే తీసి, ఫిలిముకు నీలిరంగు పట్టించి రాత్రిగా నమ్మించారు. నా కంప్యూటర్లో ఉన్న ప్రతికి ఆ రంగు లేదు. ఓర్లోక్ తన పేటికను చంకన పెట్టుకుని ఊరి వీధుల్లో నడిచిపోతుంటే, పక్కన కూర్చుని చూస్తున్న మా అక్క కూతురు నన్ను గిల్లి అడిగింది: ‘‘పగలే గదా మామయ్యా తిరగతన్నాడు, మరి ఇప్పుడే చావలేదేంది?’’