తెలుగు సైటుకు డబ్ల్యూపీ-సీఎల్ఐ వాడితే: 22 గుర్తుల గోడ, కనపడని గుర్తు, ఇంకొన్ని తలనొప్పులు

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో కూర్చుని కల్యాణ మండపానికో, కోచింగ్ సెంటరుకో, సాహితీ సంఘానికో వర్డ్‌ప్రెస్ సైటు చూసుకునేవాళ్ల కోసం ఈ పోస్టు. తెలుగు మెనూ, దాని పక్కనే ఒడియా మెనూ, నెట్టు మాత్రం ఫోన్ హాట్‌స్పాట్ మీద. అలాంటప్పుడు డ్యాష్‌బోర్డ్ లోడ్ అయ్యేదాకా కాచుకుని ప్లగిన్లకు ఒక్కొక్కటిగా టిక్కులు పెట్టడం కన్నా, ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సర్వర్‌లో కమాండ్లు కొట్టే దారి) సర్వర్‌లోకి వెళ్లి ఒక్క లైను కొట్టడం తేలిక. ఆ లైన్లను అందుకుని వర్డ్‌ప్రెస్‌ను నడిపే పనిముట్టే డబ్ల్యూపీ-సీఎల్ఐ. ప్లగిన్ ఫైళ్లు సర్వరే తెచ్చుకుంటుంది, మీ డేటా ప్యాక్ ఖర్చు కాదు.

కమాండ్లన్నీ పలికినట్టు తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

మొదట ఇది కొట్టండి:

డబ్ల్యూపీ --ఇన్ఫో

ఇందులో చూడాల్సింది పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే భాష) వెర్షన్. షేర్డ్ హోస్టింగ్‌లో సైటు ఒక పీహెచ్‌పీ మీద, కమాండ్ లైన్ ఇంకో పాత పీహెచ్‌పీ మీద నడుస్తుండటం మామూలే. బ్రౌజర్లో సైటు బాగానే ఉంటుంది, టెర్మినల్‌లో మాత్రం ఏదో ప్లగిన్ ఫేటల్ ఎర్రర్ ఇస్తుంది. తప్పు ప్లగిన్‌ది కాదు. డబ్ల్యూపీ_సీఎల్ఐ_పీహెచ్‌పీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో సరైన పీహెచ్‌పీ దారి పెడితే పోతుంది. "ఇది వర్డ్‌ప్రెస్ ఇన్‌స్టాలేషన్‌లా లేదు" అని వస్తే మీరు వేరే ఫోల్డర్‌లో ఉన్నారన్నమాట. సైటు ఫోల్డర్‌లోకి వెళ్లండి, లేదా --పాత్= ఇవ్వండి. రూట్‌గా (సర్వర్ మీద సర్వాధికారాలున్న యూజర్‌గా) ఉంటే డబ్ల్యూపీ-సీఎల్ఐ కేక పెట్టి ఆపేస్తుంది. --అలౌ-రూట్ తగిలిస్తే ఊరుకుంటుంది గానీ, అలా దించిన ఫైళ్లకు రూటే యజమాని అవుతాడు, రేపు డ్యాష్‌బోర్డ్ నుంచి అప్‌డేట్ కొడితే అనుమతి లేదంటుంది. సూడో -యూ తో వెబ్ సర్వర్ యూజర్ పేరు మీదే నడపండి.

ఘాటు రోడ్డు ఎక్కితే సిగ్నల్ పోయే ప్రాంతం మనది. అప్‌డేట్ సగంలో ఉండగా లైను తెగితే నడుస్తున్న కమాండ్ కూడా చచ్చిపోతుంది, సైటు మీద "మెయింటెనెన్స్‌లో ఉంది" అన్న బోర్డు మిగిలిపోతుంది. ఆ బోర్డుకు కారణం .మెయింటెనెన్స్ అనే చిన్న ఫైలు. 10 నిమిషాలు దాటితే వర్డ్‌ప్రెస్ దాన్ని పట్టించుకోదు, అంతదాకా ఆగలేకపోతే డబ్ల్యూపీ మెయింటెనెన్స్-మోడ్ డీయాక్టివేట్ కొట్టండి. అసలు మందు టీమక్స్. టీమక్స్ న్యూ -ఎస్ పని అని మొదలుపెట్టి అందులో పని చేయండి. లైను తెగినా కమాండ్ సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది, తిరిగొచ్చాక టీమక్స్ అటాచ్ అంటే ఎక్కడ వదిలారో అక్కడే ఉంటారు.

ఇక తెలుగు సైటుకే ప్రత్యేకమైన తలనొప్పి: పోస్టు చిరునామా, అంటే స్లగ్.

వర్డ్‌ప్రెస్ డేటాబేసులో స్లగ్‌కు 200 స్థానాలే ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరానికి ఒక స్థానం చాలు. తెలుగులో ఒక్కో గుర్తు 3 బైట్లు. స్లగ్‌లో ఒక్కో బైటుకు శాతం గుర్తు, రెండు కోడ్ అక్షరాలు కలిపి 3 స్థానాలు పడతాయి. అంటే ఒక్క తెలుగు గుర్తుకు 9 స్థానాలు. గుర్తు అంటే మనం బళ్లో నేర్చుకున్న అక్షరం కాదు, గుడి వేరు, కొమ్ము వేరు, పొల్లు వేరు, సున్న వేరు. "ర్లా" చూడటానికి ఒక అక్షరం, లెక్కకు నాలుగు గుర్తులు. 200ను 9తో భాగిస్తే 22. మీ శీర్షికలో మొదటి 22 గుర్తులే స్లగ్‌లోకి వెళ్తాయి.

లెక్క వేసి చూడండి. "పర్లాకిమిడిలో గిడుగు జయంతి సభ". మొదటి మాటలో 13 గుర్తులు, 117 స్థానాలు. ఒక హైఫన్, 118. గిడుగు 6 గుర్తులు, 172. ఇంకో హైఫన్, 173. జ 182, య 191, సున్న 200. అక్కడితో గోడ. స్లగ్ "పర్లాకిమిడిలో-గిడుగు-జయం" అవుతుంది. తరువాతి ఆగస్టు 29న అదే శీర్షికతో ఇంకో పోస్టు వేస్తే వర్డ్‌ప్రెస్ చివర -2 తగిలించాలి, దానికి చోటు లేక సున్నను కూడా తీసేస్తుంది: "గిడుగు-జయ-2". వాడుక భాష కోసం అంత పోరాడిన పంతులుగారికి ఈ గతి పట్టకూడదు.

ఇలా తెగిన స్లగ్‌లు ఎన్ని ఉన్నాయో పట్టుకోవడానికి పొడవు చూస్తే చాలు. ముందు జాబితా తీయండి:

డబ్ల్యూపీ పోస్ట్ లిస్ట్ --ఫీల్డ్స్=ఐడీ,పోస్ట్_టైటిల్,పోస్ట్_నేమ్ --ఫార్మాట్=సీఎస్వీ > జాబితా.సీఎస్వీ

చివరి గడిలో 190 దాటిన వరుసలన్నీ అనుమానితులే. ఒక్కోదానికి:

డబ్ల్యూపీ పోస్ట్ అప్‌డేట్ 412 --పోస్ట్_నేమ్=గిడుగు-జయంతి-2024

ఇక్కడ 412 పోస్టు ఐడీ. స్లగ్ ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టమంటాను. తెలుగు లింకును వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల చేంతాడు అవుతుంది, నొక్కడానికే జనం భయపడతారు. ఇలా మార్చితే పాత స్లగ్‌ను వర్డ్‌ప్రెస్ గుర్తుంచుకుని పాత లింకు నొక్కినవాళ్లను కొత్తదానికి పంపిస్తుంది. పోస్టులకే, అదీ పబ్లిష్ అయినవాటికే. పేజీలకు ఈ సౌకర్యం లేదు, వాటికి రీడైరెక్ట్ మీరే రాసుకోవాలి. తొందరపడి డేటాబేసులో నేరుగా ఎస్‌క్యూఎల్‌తో మార్చేశారా, పోస్టులకు కూడా ఆ దారి మళ్లింపు దొరకదు.

జాబితా ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగు చెత్తగా కనిపించవచ్చు. ఫైలు పాడవలేదు. డేటా ట్యాబ్‌లోంచి ఇంపోర్ట్ చేసి యూటీఎఫ్-8 ఎంచుకోండి. టెర్మినల్‌లో ఒత్తులు విడిపోయి, గుడులు పక్కకు జారి కనిపించడం కూడా అంతే, బొమ్మ తప్పు, సరుకు తప్పు కాదు. కానీ తెలుగు మాట పేస్ట్ చేయగానే ప్రశ్నార్థకాలో, ఖాళీలో పడుతుంటే అది వేరే సంగతి. లొకేల్ అని కొట్టి చూడండి. లాంగ్ దగ్గర ఒట్టి సీ అని ఉంటే సీ.యూటీఎఫ్-8కి మార్చాకే ముందుకు వెళ్లండి.

సైటు డొమైన్ మారినప్పుడో, ఊరి పేరు రాసే తీరు మార్చాలన్నప్పుడో సెర్చ్-రిప్లేస్ అవసరం పడుతుంది. చాలామంది డేటాబేస్ దించి, నోట్‌ప్యాడ్‌లో ఫైండ్-రిప్లేస్ కొట్టి ఎక్కిస్తారు. మర్నాడు విడ్జెట్లు మాయం, థీమ్ సెట్టింగులు ఖాళీ. కారణం ఇది: ఇలాంటి సెట్టింగులను వర్డ్‌ప్రెస్ సీరియలైజ్ చేసి దాస్తుంది, ప్రతి మాట ముందూ దాని బైట్ల లెక్క రాసి పెడుతుంది. "పర్లాకిమిడి" 11 గుర్తులు, 33 బైట్లు. ఆఫీసు కాగితాల్లోలా "పారలాఖెముండి" అని మార్చితే 12 గుర్తులు, 36 బైట్లు. నోట్‌ప్యాడ్ మాటను మార్చింది, ముందున్న 33ను అలాగే వదిలేసింది. లెక్క తప్పేసరికి పీహెచ్‌పీ ఆ మూట మొత్తాన్నీ పారేస్తుంది. డబ్ల్యూపీ-సీఎల్ఐ మూట విప్పి, మాట మార్చి, కొత్త లెక్కతో మళ్లీ కడుతుంది.

డబ్ల్యూపీ డీబీ ఎక్స్‌పోర్ట్ ~/బ్యాకప్/ముందు.ఎస్‌క్యూఎల్

డబ్ల్యూపీ సెర్చ్-రిప్లేస్ 'పాతసైటు.కామ్' 'కొత్తసైటు.కామ్' --స్కిప్-కాలమ్స్=జీయూఐడీ --డ్రై-రన్

మొదటి లైనులో దారి ఇవ్వకపోతే బ్యాకప్ మీరున్న ఫోల్డర్‌లోనే పడుతుంది. అది సైటు ఫోల్డరైతే యూజర్ల ఈమెయిళ్లతో సహా డేటాబేసంతా ఎవరైనా దించుకోవచ్చు. రెండో లైనులో జీయూఐడీని వదిలేయమంటున్నాం, అది పోస్టుకు శాశ్వత గుర్తింపు, మారిస్తే ఫీడ్ రీడర్లకు పాత పోస్టులన్నీ కొత్తవిగా కనిపిస్తాయి. డ్రై-రన్ అంటే ఏదీ మార్చకుండా చూపించే ఉత్తుత్తి నడక. ఆ పట్టికలో ఏ టేబుల్లో ఎన్ని మారతాయో చూసుకున్నాక --డ్రై-రన్ తీసేసి మళ్లీ కొట్టండి. ఒట్టి డొమైన్ పేరు మార్చితే అదే డొమైన్ మీదున్న ఈమెయిల్ చిరునామాలు కూడా మారిపోతాయి, ఆ మెయిల్ బాక్సులు కొత్త డొమైన్ మీద ఉన్నాయా లేదా ముందే చూసుకోండి.

తెలుగు మాటలు వెతికేటప్పుడు ఇంకో రెండు గోతులు. "ఫేస్‌బుక్" అని కళ్లెదుట ఉంటుంది, వెతికితే సున్నా అంటుంది. పొల్లు తరువాత ఒత్తు పడకుండా కీబోర్డు పెట్టే కనపడని గుర్తు ఒకటి ఆ మాట మధ్యలో ఉంటుంది, సంకేతం 200సీ. మీరు కొట్టిన మాటలో అది లేకపోతే కంప్యూటర్ దృష్టిలో రెండూ వేరు మాటలు. ఆ గుర్తుతో ఒకసారి, లేకుండా ఒకసారి నడపడమే సులువు. --రెజెక్స్‌తో (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) ఒకే దెబ్బలో పట్టవచ్చు గానీ 15-20 రెట్లు నెమ్మది. రెండోది, కొన్ని పేజీ బిల్డర్లు తెలుగు గుర్తులను బ్యాక్‌స్లాష్, యూ, నాలుగంకెల కోడ్‌గా దాస్తాయి. వాటి లోపలి మాటలు ఈ వెతుకులాటకు అందవు, ఆ పేజీలను ఎడిటర్‌లో తెరిచి చేత్తోనే మార్చాలి.

అప్‌డేట్ తరువాత తెల్ల తెర వచ్చి, టెర్మినల్ కూడా ఎర్రర్ ఇస్తుంటే:

డబ్ల్యూపీ ప్లగిన్ డీయాక్టివేట్ ఫలానా-ప్లగిన్ --స్కిప్-ప్లగిన్స్ --స్కిప్-థీమ్స్

ప్లగిన్లను లోడ్ చేయకుండానే ఒకదాన్ని ఆపేస్తుంది.

రోజుకు పదిమంది కూడా రాని సైటులో ఉదయం 6 గంటలకు పెట్టిన పోస్టు 9కి వెలువడుతుంటే ఆశ్చర్యపోకండి. వర్డ్‌ప్రెస్ గడియారం ఎవరో ఒకరు సైటు తెరిస్తేనే కదులుతుంది. డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో డిజేబుల్_డబ్ల్యూపీ_క్రాన్‌ను ట్రూ చేసి, సర్వర్ క్రాన్‌లో (చెప్పిన వేళకు కమాండ్లు నడిపే ఏర్పాటు) 5 నిమిషాలకోసారి సైటు ఫోల్డర్ నుంచి డబ్ల్యూపీ క్రాన్ ఈవెంట్ రన్ --డ్యూ-నౌ నడిచేలా పెట్టండి. టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా అని ఉందో లేదో కూడా చూడండి, లేకపోతే ఐదున్నర గంటల తేడా వస్తుంది.

చివరగా, పాత సర్వర్ నుంచి తెచ్చిన సైటులో తెలుగు బదులు పైన గీత ఉన్న ఏ, పక్కన డిగ్రీ సున్న, అక్కడక్కడ ప్లస్-మైనస్ గుర్తు వరసగా కనిపిస్తే బెంగ వద్దు. తెలుగు గుర్తుల మొదటి రెండు బైట్లే ఆ వేషంలో కనిపిస్తున్నాయి, సరుకు లోపల భద్రంగానే ఉండొచ్చు. పాత టేబుల్ చార్‌సెట్ (అక్షరాలు దాచే పద్ధతి) లాటిన్1 అయ్యుంటుంది. --డిఫాల్ట్-క్యారెక్టర్-సెట్=లాటిన్1, --స్కిప్-సెట్-చార్‌సెట్ పెట్టి మళ్లీ ఎక్స్‌పోర్ట్ తీసి, ఫైలులో టేబుళ్ల చార్‌సెట్‌ను యూటీఎఫ్8ఎంబీ4గా మార్చి ఎక్కించి చూడండి. అదే ఒట్టి ప్రశ్నార్థకాలు కనిపించి, డేటాబేసులో చూసినా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం బైట్లు అప్పటికే పోయాయి. పాత బ్యాకప్ వెతకండి.