గయ పద్దు పుస్తకంలో ఒక పేరు

మొన్న మార్గశిర మాసంలో ప్రయాగ, కాశీ, గయ క్షేత్రాలు చూసి వచ్చాము. పదకొండు రోజుల ప్రయాణంలో నా ఫోనులో ఆరు వందలకు పైగా ఫొటోలు చేరాయి. బంధువులూ స్నేహితులూ చూపించమని అడుగుతున్నారు కనుక వాటిలో కొన్నింటిని ఏరి, ఒక్కొక్క ఫొటో తీసినప్పుడు ఏం జరిగిందో కూడా రాస్తున్నాను. వెళ్లినవాళ్లం ముగ్గురం: నేను, మా ఆవిడ, డెబ్బై ఎనిమిదేళ్ల మా మేనత్త. నాన్న పోయి నాలుగేళ్లు, అమ్మ పోయి రెండేళ్లు అయింది. తమ్ముడికి గయలో పిండం పడేదాకా తనకు నిద్ర పట్టదని అత్తయ్య అంటూ ఉండేది. ఆ మాట మీదే ఈ ప్రయాణం కుదిరింది.

సికింద్రాబాదులో ఉదయం దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మరునాడు ప్రయాగరాజ్ ఛివ్‌కీ స్టేషనులో దిగాము. ఒక పగలు, ఒక రాత్రి, మరికొన్ని గంటలు. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరిన, 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీ వెళ్లి తిరిగి ఇల్లు చేరడానికి పదిహేను నెలలకు పైగా పట్టింది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనే సామెత అలాంటి రోజుల్లో పుట్టింది. పై బెర్తు మీద పడుకుని ఆ మాట తలుచుకుంటే, పిల్లలకు వీడ్కోలు చెప్పి, తిరిగి వస్తామో రామో తెలియకుండా నడిచిపోయిన మనుషులు కళ్ల ముందు కదిలారు.

మొదటి ఫొటో త్రివేణీ సంగమానిది. పొగమంచు ఇంకా విడలేదు. పడవ చుట్టూ కనిపిస్తున్న తెల్లని పక్షులు చలికాలంలో ఉత్తర దేశాల నుంచి వలస వచ్చే సముద్రపు కాకులు. పడవవాళ్లు గింజలు చల్లితే అవి వందలుగా ముసురుతాయి. జాగ్రత్తగా చూస్తే ఎడమ వైపు నీరు మట్టి కలిసిన తెలుపుగానూ, కుడి వైపు నీరు ఆకుపచ్చగానూ కనిపిస్తుంది. తెల్లనిది గంగ, పచ్చనిది యమున. రెండూ కలిసే చోట పడవలను ఒకదానికొకటి కట్టి, మధ్యలో బల్లలు వేసి, స్నానానికి దిగే వీలు కల్పించారు. అక్కడే నేను క్షవరం చేయించుకున్నాను. ప్రయాగలో ముండనం, కాశీలో దండం, గయలో పిండం అని పెద్దలు చెప్పిన క్రమాన్ని అత్తయ్య ఎక్కడా తప్పనివ్వలేదు.

రెండో ఫొటో వంకరగా ఉంది, కొంత మసకగానూ ఉంది. అది వేణీదానం చేస్తున్నప్పుడు అత్తయ్య తీసినది. భార్యను ఒడిలో కూర్చోబెట్టుకుని, భర్త తన చేతులతో జడ అల్లి, పసుపు కుంకుమలతో పూజించి, జడ కొనను కొద్దిగా కత్తిరించి త్రివేణికి సమర్పించడం ఆ దానం. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో మా ఆవిడ జడ నేను అల్లడం అదే మొదటిసారి. మూడు పాయలనూ ఎలా తిప్పాలో ఆమే మెల్లగా చెబుతూ వచ్చింది. 1989లో మామయ్యతో కలిసి ఇదే చోట తనూ ఈ దానం చేసినట్లు అత్తయ్య చెప్పింది. ఫొటో మసకబారడానికి ఆమె చేయి వణకడం ఒక్కటే కారణమని నేను అనుకోను.

ప్రయాగలో మరొక్క మాట. మన తోటల్లో ఎక్కడ చూసినా కనిపించే అలహాబాద్ సఫేదా జామ పుట్టిల్లు ఈ ఊరే. చలికాలం కాబట్టి తోపుడు బళ్ల మీద కొండల్లా పోసి అమ్ముతున్నారు. ఆ జామకాయను నల్ల ఉప్పుతో తింటూ కాశీ బయలుదేరాము.

కాశీలో కేదార్ ఘాట్‌కు దగ్గరలో ఒక తెలుగు సత్రంలో ఐదు రాత్రులు ఉన్నాము. తొమ్మిది నెలల గర్భవాసానికి ప్రతిగా కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని మనవాళ్ల నమ్మకం. అత్తయ్య కోరికా అదే. నా సెలవులు చాలక ఆమెకు ఐదు రాత్రులే ఇవ్వగలిగాను. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. కేదార్ ఘాట్ మెట్ల ఫొటోలో నిలువునా ఎరుపూ తెలుపూ చారలు కనిపిస్తాయి. ఆ మెట్ల మీద కూర్చుంటే చెవిన పడేది సగం తెలుగే. పడవవాళ్లు "రండమ్మా, పడవ" అని పిలుస్తారు. సందుల్లో గోడల మీద తెలుగు బోర్డులు. కొద్ది దూరంలో విజయనగరం మహారాజుల పేరున ఒక ఘాట్ ఉంది. పంచగంగా ఘాట్ వైపు వెళితే, విజయనగరం ప్రాంతం నుంచి వచ్చి, జీవితంలో ఎక్కువ భాగం కాశీలోనే గడిపి, 1887లో సిద్ధి పొందిన తైలంగస్వామి మఠం ఉంది. సొంత పేరు వెనక్కు పోయి, వచ్చిన దేశాన్ని చెప్పే పేరే ఆయనకు లోకంలో నిలిచింది.

విశ్వనాథుని ఫొటో ఎందుకు లేదని అడిగినవాళ్లకు ఒక మాట: ఆలయంలోకి ఫోను తీసుకుపోనివ్వరు, బయట లాకరులో పెట్టి వెళ్లాలి. 1780లో అహల్యాబాయి హోల్కర్ కట్టించిన గుడి, తరువాత మహారాజా రంజిత్ సింగ్ ఇచ్చిన బంగారంతో తాపడం చేసిన శిఖరం. ఈ రెండింటినీ కళ్లతోనే చూసి వచ్చాము. 2021 డిసెంబరులో ప్రారంభమైన కొత్త ప్రాంగణం వల్ల ఇప్పుడు గంగ ఒడ్డు నుంచి నేరుగా గుడికి నడిచిపోవచ్చు. అత్తయ్య మాత్రం 1989లో మామయ్య తనకు గాజులు కొనిపెట్టిన సందు కోసం చాలాసేపు వెతికింది. ఒక మనిషికి ఎదురుగా మరొక మనిషి వస్తే ఒదిగి నిలబడవలసినంత సందు అట. దొరకలేదు. మోకాళ్ల నొప్పులున్న ఆమె ఈ విశాలమైన రాతి ప్రాంగణంలో ఎవరూ తోయకుండా నడవగలిగిందన్నది నిజం, ఆ సందు పోయినందుకు ఆమె కళ్లు తడిసిందీ నిజమే.

విశాలాక్షి గుడి మీర్ ఘాట్ సందులోనే ఉంది. గోపురం చూడగానే దక్షిణాది పనితనం తెలిసిపోతుంది. "వారణాస్యాం విశాలాక్షీ" అని రోజూ చదువుకునే అత్తయ్య ఆ గడపను రెండు చేతులతో తడుముకుంది. పదో తరగతి తెలుగు వాచకంలో మనం చదువుకున్న వ్యాసుని భిక్ష కథ నాకు గుర్తుకొచ్చింది. ఆకలి మీద కాశీని శపించబోయిన వ్యాసుణ్ణి పిలిచి, కోపగించి, ఆ తరువాత అన్నం పెట్టిన ముత్తయిదువ తిరిగిన వీధులివే అనుకుంటూ నడిచాను. ఇక చితులు కాలే మణికర్ణిక ఘాట్ ఫొటోలు నా దగ్గర లేవు. పడవలో దాని ముందు నుంచి రెండుసార్లు వెళ్లాము. ఎవరింటి దుఃఖమో అక్కడ కాలుతుంటే ఫోను ఎత్తడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. మా పడవ పక్కనే మరో పడవలో కొందరు అదే పనిగా తీస్తూ కనిపించారు. చాలా బాధ కలిగింది.

మట్టి పాత్రలో పసుపుపచ్చని నురగ కనిపించే ఫొటో మలయ్యోది. రాత్రంతా పాలను మంచులో ఉంచి, చిలికి, కుంకుమపువ్వు వేసి, చలికాలపు ఉదయాల్లో మాత్రమే అమ్ముతారు. నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది.

గయ ప్రయాణంలో తీసిన వీడియోలో వినిపించే చప్పుడు సోన్ నది వంతెనది. మూడు కిలోమీటర్ల పొడవున్న ఆ వంతెన మీద రైలు నడుస్తుంటే, కింద నీటి కంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. పొగమంచు వల్ల రైలు నాలుగు గంటలు ఆలస్యమైంది. గయలో దిగేసరికి చీకటి పడింది.

తాతయ్య 1961లో గయ వెళ్లి వచ్చాడు. ఫల్గుణీ నదిలో నీరుండదనీ, ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీటితోనే తర్పణం విడిచాననీ ఆయన చెప్పిన మాటలు అత్తయ్య చిన్నతనం నుంచి వింటూ వచ్చింది. దశరథుడికి తాను ఇసుకతో పిండం పెట్టినమాట నిజమేనని చెప్పకుండా అబద్ధమాడినందుకు, సీతమ్మ ఈ నదిని పైకి కనిపించకుండా భూమి లోపల పారమని శపించిందని స్థలపురాణం. నిజం చెప్పిన మర్రిచెట్టు మాత్రం అక్షయవటమైంది. అందుకే అత్తయ్య ఇసుకను చూడాలని ఆశపడింది. కానీ 2022లో విష్ణుపాదం దగ్గర నది మీద 411 మీటర్ల రబ్బరు ఆనకట్ట కట్టారు కనుక ఇప్పుడు ఒడ్డున నీళ్లున్నాయి. ఫొటోలో మెట్ల దగ్గర నీటిలో నిలబడి కనిపిస్తున్నది ఆమే. "నాన్న తవ్విన చెలమ దీని కిందే ఎక్కడో ఉంటుందిరా" అంది.

పిండప్రదానం మరునాడు ఉదయం మొదలైంది. పురోహితుడు మన భాష వచ్చినవారే. ఒక్కొక్క తరం వారిదీ గోత్రం, పేరు అడుగుతూ ముందుకు సాగారు. నాన్న, తాతయ్య, ముత్తాత పేర్లు తడుముకోకుండా చెప్పాను. అమ్మ పేరు, నాయనమ్మ పేరు చెప్పాను. తాతయ్య తల్లి పేరు అడిగినప్పుడు మాట రాలేదు. అత్తయ్య వైపు చూశాను. పదమూడేళ్లు వచ్చేదాకా ఆవిడ ఒళ్లో పెరిగిన మనిషి అత్తయ్య. ఆవిడ చేతి గోరుముద్దల రుచీ, చీర అంచు రంగూ చెప్పగలదు. పేరు మాత్రం తెలియదు. ఇంట్లో అందరూ, తాతయ్యతో సహా, ఆవిడను పెద్దమ్మగారనే పిలిచేవారట. ఊళ్లో ఉన్న పెదనాన్న కొడుక్కి ఫోను చేశాను. పొలం కాగితాలన్నీ వెతికించాడు; ముత్తాత పేరు పది చోట్ల ఉంది, ఆవిడది ఒక్క చోటా లేదు. పేరు తెలియనప్పుడు సంబంధం చెప్పి పెట్టవచ్చునని పురోహితుడు ధైర్యం చెప్పారు. అలాగే పెట్టాను. అత్తయ్య ఆ తరువాత రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

విష్ణుపాద ఆలయం కూడా అహల్యాబాయి కట్టించినదే, 1787లో. నల్లరాతి స్తంభాల మధ్య, రాతి మీద స్వామి పాదముద్ర. అక్కడ పిండాలు సమర్పించి, అక్షయవటం దగ్గరకు వెళ్లి, ఇష్టమైన ఒక పండు, ఒక కూర విడిచిపెట్టి, గయలో వంశపారంపర్యంగా పితృకార్యాలు చేయించే గయావళి బ్రాహ్మణుని చేత, కార్యం సఫలమైందని చెప్పే సుఫలం చెప్పించుకున్నాము. నేను సీతాఫలం, దొండకాయ వదిలేశాను. మా ఆవిడ ఏం వదిలిందో ఇక్కడ రాయవద్దంది.

సాయంత్రం గయావళి ఇంటికి వెళ్లాము. మీ జిల్లా, తాలూకా, ఊరు చెప్పమన్నారు. గుంటూరు జిల్లా అని మొదలుపెట్టగానే వాళ్ల గుమాస్తా అల్మారాలోంచి ఎర్ర గుడ్డలో చుట్టిన పొడవాటి పుస్తకాలు మూడు దించాడు. తరతరాలుగా తమ దగ్గరకు వచ్చిన యాత్రికుల ఊర్లు, పేర్లు, సంతకాలు అందులో ఉంటాయి. గంటన్నర వెతికాక మా ఊరి పేజీ దొరికింది. కాగితం పసుపు రంగుకు తిరిగి, అంచులు విరుగుతున్నాయి. నల్ల సిరాతో తాతయ్య గుండ్రటి చేతిరాత. తారీకు, ఊరు, ఇంటి పేరు, తండ్రి పేరు. దాని కింద "మా తల్లిగారు" అని రాసి, పేరు.

నేను పైకి చదివాను. అత్తయ్య మళ్లీ చదవమంది. మూడోసారి చదివాక తనే ఆ పేరు పలికింది, పలికి చేత్తో నోరు మూసుకుంది. జీవితమంతా పేరుతో పిలవని కన్నతల్లిని తాతయ్య ఇంత దూరం వచ్చి, ఎవరూ ఎరగని ఊళ్లో, తన చేత్తో పేరు పెట్టి రాసి వెళ్లాడు. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు; మా ఇంటి పిల్లలందరికీ ఫోను చేసి చెప్పాను. మరునాడు తెల్లవారకముందే ఫల్గుణి దగ్గరకు మళ్లీ వెళ్లి, గోత్రమూ పేరూ చెప్పి, మూడు దోసిళ్లు నువ్వుల నీళ్లు విడిచాను. ఆ ఉదయానికి ఫొటో లేదు.

తిరుగు ప్రయాణానికి ముందు తిల్‌కుట్ కొన్నాము. నువ్వులూ బెల్లమూ కలిపి దంచి చేసే ఈ మిఠాయి మన నువ్వుల జీడికి దగ్గర బంధువే. గంగ చెంబులూ, కాశీ తాళ్లూ అందరికీ తెచ్చాము. వచ్చే ఆదివారం సమారాధనకు వచ్చినప్పుడు అందిస్తాము.

చివరి ఫొటో ఆ పద్దు పుస్తకంలోని పేజీదే. తాతయ్య రాతకు ఎదురుగా ఉన్న ఖాళీలో నేను మా అమ్మానాన్నల పేర్లు, నాయనమ్మ పేరు, అమ్మమ్మ పేరు, మా ఆవిడ పేరు, మా అమ్మాయి పేరు రాశాను. గయావళి నా సంతకం పెట్టమన్నారు. నేను పెట్టి, కలం అత్తయ్యకు ఇచ్చాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, పుట్టింటి పేరుతో సహా తన పూర్తి పేరు, అక్షరం అక్షరం దిద్దుతున్నట్లుగా రాసింది. ఫొటో తీసేటప్పుడు పేజీ ఎగరకుండా ఆమె వేలితో అదిమి పట్టుకుంది. ఆ వేలు ఫొటోలో పడింది. దాన్ని కత్తిరించకుండా అలాగే ఉంచాను.