ట్రైనీ ఆఫర్‌ను చివరి నెల నుంచి చదవండి

గ్రాడ్యుయేట్ ట్రైనీ ప్రోగ్రామ్‌లన్నీ బ్రోషర్‌లో ఒకేలా మెరుస్తాయి. అసలు తేడా బయటపడేది శిక్షణ ముగిసిన మర్నాడే. కాబట్టి మొదట అడగాల్సింది ఇది: చివర్లో ఏ హోదా, ఏ విభాగం, ఎంత జీతం, ఇవన్నీ తేల్చేది ఎవరు? "మీ పనితీరును బట్టి" అంటే కొంతైనా మీ చేతిలో ఉన్నట్టు. "అప్పటి ఖాళీలను బట్టి" అంటే రెండేళ్లు ఫైనాన్స్ నేర్చుకుని సేల్స్‌లో తేలొచ్చు.

తర్వాత, మూడేళ్ల కిందటి బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? హెచ్‌ఆర్ శాతం చెబితే, దేనిలో శాతమో అడగండి. 40 మంది చేరి, 20 మందే శిక్షణ పూర్తిచేసి, వాళ్లలో 18 మంది మిగిలారనుకోండి. పూర్తిచేసినవాళ్లలో చూస్తే అది 90 శాతం, చేరినవాళ్లలో చూస్తే 45. రెండూ అబద్ధం కాదు, అదే చిక్కు. లింక్డ్‌ఇన్‌లో పాత ట్రైనీలను ఓ పదిమందిని వెతికి, మానేసినవాళ్లతోనూ మాట్లాడండి. కంపెనీ ఏరి పరిచయం చేసే ట్రైనీ ఎలాగూ మంచే చెబుతారు.

ఇక రొటేషన్, అంటే ట్రైనీని ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి మార్చుతూ పోవడం. 24 నెలల్లో 4 రొటేషన్లంటే ఒక్కోచోట ఆరు నెలలు, ఫర్వాలేదు. మూడు నెలలకోసారి మారిస్తే మాత్రం లాగిన్లు వచ్చి, పని అర్థమయ్యేసరికే సర్దుకోవాలి. ఎలాగూ వెళ్లిపోయేవాళ్లే కదా అని టీమ్ కూడా ఎక్సెల్ షీట్లు నింపిస్తుందే గానీ, అసలు పని అప్పగించదు. ఏ విభాగం కావాలో ముందే తెలిసినవాళ్లకు రొటేషన్ కన్నా నేరుగా ఆ టీమ్‌లో చేరడమే నయం.

ప్రొఫెషనల్ పరీక్షలు జతైతే లెక్క మారుతుంది. అకౌంటింగ్‌లో అంతర్జాతీయ అర్హత అయిన ఏసీసీఏనే తీసుకోండి. 13 పేపర్లతో పాటు 36 నెలల పని అనుభవం కావాలి. అంటే 24 నెలల ప్రోగ్రామ్‌తో అది పూర్తికాదు, ఆ తర్వాతి ఏడాది ఎక్కడ పనిచేస్తారన్నదీ తేల్చుకోవాలి. కంపెనీ ఫీజు కట్టేది మొదటి ప్రయత్నానికేనా? పేపర్‌కు ఎన్ని రోజుల సెలవు? రెండుసార్లు తప్పితే ఉద్యోగం ఉంటుందా?

బాండ్ (ఇంతకాలం మానకుండా పనిచేస్తాననే ఒప్పందం) ఉంటే, మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం నెలనెలా తగ్గుతుందా, చివరి రోజు దాకా అంతే ఉంటుందా చూడండి. కంపెనీయే తీసేసినా కట్టాలనే బాండ్లూ ఉంటాయి, జాగ్రత్త. ఒరిజినల్ సర్టిఫికెట్లు దాచుకుంటామన్నా, డిపాజిట్ కట్టమన్నా అక్కడితో ఆపేయండి.

జీతం పోల్చేటప్పుడు వేరియబుల్ పే (పనితీరును బట్టి మారే భాగం), జాయినింగ్ బోనస్ పక్కన పెట్టి, ఏడాది ఫిక్స్‌డ్ జీతాన్ని మాత్రమే 12తో భాగించండి.

ఫోన్‌లో ఇచ్చిన హామీలను అదే రోజు మెయిల్‌లో రాసి, "నాకు ఇలా అర్థమైంది, సరేనా?" అని పంపండి. వారంలో జవాబు రాకపోతే ఆ హామీలను తీసేసి, మిగిలిన ఆఫర్‌ను మళ్లీ తూచండి.