అప్రోచ్ పరీక్ష: పది సెకన్లు లేటైతే ఒక మైలు గల్లంతు

ఫ్లైట్ సిమ్యులేటర్ పైలట్లకి ఆన్‌లైన్‌లో కంట్రోలర్‌గా కూర్చునేవాళ్లలో, టవర్ (రన్‌వే చూసుకునే కంట్రోలర్) దాకా హాయిగా వచ్చేసినవాళ్లు కూడా అప్రోచ్ (దిగడానికి వచ్చేవాటిని రాడార్ మీద వరసలో పెట్టే కంట్రోలర్) రేటింగ్ దగ్గర తడబడతారు. వ్యాట్‌సిమ్ నెట్‌వర్క్‌లో దాన్ని ఎస్3 అంటారు, ఐవీఏఓ నెట్‌వర్క్‌లో ఏపీసీ. పేరేదైనా వ్యవహారం ఒకటే: ముందు థియరీ, ఆ తర్వాత రాడార్ ముందు కూర్చుని ట్రాఫిక్ నడిపి చూపించడం. చాలామంది ప్రాక్టికల్ కోసం ఫ్రేజియాలజీ (రేడియోలో వాడాల్సిన నిర్ణీత మాటలు) బట్టీ పడుతుంటారు. ఫ్రేజియాలజీ రావాల్సిందే, కాదనను. కానీ పరీక్ష పోయేది ఎక్కువగా టైమింగ్ దగ్గర. టవర్‌లో ఒక మాట పది సెకన్లు లేటైతే విమానం రన్‌వే ముందు ఆగే హోల్డింగ్ పాయింట్ దగ్గర మరో పది సెకన్లు నిలబడుతుంది, అంతే. అప్రోచ్‌లో ఏదీ నిలబడదు.

లెక్క చూడండి. రన్‌వే 27 వాడుతున్నాం, అంటే పడమర వైపుకి దిగడం. దక్షిణం వైపు డౌన్‌విండ్‌లో (రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకి వ్యతిరేకంగా పోయే దారి) ఒక విమానం హెడింగ్ 090 (ముక్కు తూర్పుకి) మీద 220 నాట్స్‌తో పోతోంది. దానికంటే ముందు దిగాల్సింది ఫైనల్ (రన్‌వేకి సూటిగా వచ్చే ఆఖరి దారి) మీద 180 నాట్స్‌తో ఎదురుగా వస్తోంది. రెండు వేగాలూ కలిపితే 400 నాట్స్, అంటే నిమిషానికి 6.7 మైళ్లు. (మైలంటే ఇక్కడ అంతటా నాటికల్ మైలే, నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు.) బేస్ టర్న్ (డౌన్‌విండ్ నుంచి ఫైనల్ వైపుకి తిప్పడం) 10 సెకన్లు లేటుగా ఇచ్చారనుకోండి. వెనకది అర మైలు పైగా బయటికి పోతుంది, పోయినంతా మళ్లీ ఫైనల్ మీద తిరిగి రావాలి, ఈలోపు ముందుది లోపలికి పోతూనే ఉంటుంది. చివరికి రెండింటి మధ్య దూరం అనుకున్నదానికంటే 1.1 మైళ్లు ఎక్కువ. 10 సెకన్లు తొందరపడితే అదే 1.1 మైళ్లు తక్కువ. మీరు 4 మైళ్లు పెడదామనుకున్నారు, వచ్చింది 2.9. రాడార్ సెపరేషన్ (విమానాల మధ్య ఉండాల్సిన కనీస దూరం) 3 మైళ్లు కాబట్టి ఎగ్జామినర్ పెన్ను తీస్తాడు.

పది సెకన్లంటే రీడ్‌బ్యాక్‌తో (విన్నది పైలట్ తిరిగి చెప్పడం) కలిపి ఒక్క సూచన పట్టే సమయం. సరిగ్గా బేస్ ఇవ్వాల్సిన క్షణంలో ఇంకెవరో ఫ్రీక్వెన్సీ ఎత్తుకుని తీరిగ్గా గాలి ఎంత అని అడిగితే ఆ మైలు పోయినట్టే. దీనికి తోడు వ్యాట్‌సిమ్‌లో రాడార్ చుక్క 5 సెకన్లకోసారి గానీ కదలదు. అవతల పైలట్ మౌస్‌తో హెడింగ్ నాబ్ తిప్పుకోవడానికి ఇంకో రెండు మూడు సెకన్లు. అందుకే చుక్క సరైన చోటికి వచ్చేదాకా ఆగి చెప్పేవాళ్లు ఎప్పుడూ లేటే. ఒక్క అప్‌డేట్ ముందు నోరు తెరవాలి.

డౌన్‌విండ్‌కీ ఫైనల్‌కీ మధ్య 5 మైళ్ల ఎడం ఉంచితే ఒక మోటు సూత్రం బాగా పనికొస్తుంది: ముందు విమానం ఫైనల్ మీద మీ డౌన్‌విండ్ విమానానికి సరిగ్గా పక్కకి వచ్చినప్పుడు బేస్ ఇస్తే ఇంచుమించు 5 మైళ్ల గ్యాప్ వస్తుంది. 4 కావాలంటే ఆ పది సెకన్లు ముందు. ఎడం ప్రతిసారీ మారిస్తే ఈ సూత్రం చెల్లదు, కాబట్టి డౌన్‌విండ్ అందరికీ ఒకే గీత మీద నడపండి.

ఇక ఫ్రీక్వెన్సీ ఖర్చు. ఒక అరైవల్‌కి మొదటి కాల్, దిగుడు, వేగం, డౌన్‌విండ్ హెడింగ్, బేస్, ఇంటర్‌సెప్ట్‌తో (ఫైనల్ గీతని కలిసే మలుపు) క్లియరెన్స్, టవర్‌కి పంపడం కలిపి ఏడు మాటలనుకుందాం. ఒక్కోటి 10 సెకన్లు. గంటకి 25 అరైవల్స్ వస్తే వీటికే 29 నిమిషాలు. డిపార్చర్లు, వీఎఫ్ఆర్‌లు (కంటితో చూసుకుంటూ ఎగిరేవి), తప్పు రీడ్‌బ్యాక్ దిద్దడాలు దీని మీద అదనం. అంటే ఒక్కో విమానానికి రెండు మాటలు మిగిలించగలిగితే గంటకి 8 నిమిషాలు చేతికొస్తాయి. మొదటి కాల్‌లోనే రన్‌వే, అప్రోచ్ రకం, దిగాల్సిన లెవెల్ ఒకేసారి చెప్పేయండి. వేగాన్ని కూడా దానితో కలిపేయొచ్చు. కానీ ఒక ట్రాన్స్‌మిషన్‌లో మూడు విషయాలు దాటితే ఈ నెట్‌వర్క్‌లలో సగంమంది నాలుగోది మర్చిపోతారు, మీరు మళ్లీ చెప్పాలి. మిగిలింది కాస్తా అక్కడే కరిగిపోతుంది.

వరస ఎప్పుడు తేల్చుకోవాలి? ఇంకా 35, 40 ట్రాక్ మైళ్లు (నేలని తాకేదాకా ఎగరాల్సిన దారి) ఉండగానే. తూర్పు నుంచి ఒకటి, పడమర నుంచి ఒకటి సరిగ్గా 35 మైళ్ల దూరంలో జంటగా వచ్చాయనుకోండి. రెండోదాన్ని అక్కడే 250 నుంచి 220కి దింపితే దాదాపు 70 సెకన్లు వెనకపడుతుంది, ఫైనల్ మీద అది మూడున్నర మైళ్ల కింద లెక్క. ఒక్క మాటతో సమస్య తీరిపోయింది. అదే మాట 15 మైళ్ల దగ్గర చెబితే వచ్చేది 30 సెకన్లు, ఒకటిన్నర మైలు. మిగతాది వెక్టర్లతో (హెడింగులిచ్చి తిప్పడం) లాగాలి, వెక్టర్ అంటే మళ్లీ మూడు నాలుగు మాటలు. స్పీడ్ కంట్రోల్ ఎంత ముందు వాడితే అంత చవక.

స్క్రీన్ మీద కనిపించేది గ్రౌండ్ స్పీడ్ (నేలతో పోల్చిన వేగం) అన్నది గుర్తుంచుకోవాలి. 10,000 అడుగుల దగ్గర 250 ఇండికేటెడ్ (కాక్‌పిట్ మీటర్ చూపించే వేగం) అంటే గాలి లేకపోయినా గ్రౌండ్ స్పీడ్ 290 దాకా ఉంటుంది. 6,000 దగ్గర ఉన్న ఇంకో 250 నెమ్మదిగా కనిపిస్తుంది. రెండూ ఒకే వేగం అనుకుని వరస పెడితే పైనున్నది కిందున్నదాన్ని తరుముకొస్తుంది.

దిగుడు, వేగం తగ్గింపు రెండూ ఒకేసారి అడగడం ఇంకో మామూలు తప్పు. జెట్ ఒకటి చేస్తే రెండోది సరిగ్గా చెయ్యదు. 3 డిగ్రీల జారుడుకి వెయ్యి అడుగులకి 3 మైళ్లు కావాలి, లెవెల్‌గా ఉంటే ఒక మైలుకి 10 నాట్స్ చొప్పున తగ్గుతుందని పెట్టుకోండి. ఎఫ్ఎల్100 (ఫ్లైట్ లెవెల్ 100, ప్రామాణిక ఒత్తిడి 1013 లెక్కన 10,000 అడుగులు) నుంచి 3,000 అడుగులకి 21 మైళ్లు, 250 నుంచి 180కి ఇంకో 7. మొత్తం 28. మీ దగ్గర 22 ట్రాక్ మైళ్లే ఉన్నప్పుడు రెండూ అడిగితే పైలట్ ‘విల్కో’ (అలాగే చేస్తాను) అనే అంటాడు, కానీ లోకలైజర్ (రన్‌వేకి సూటి గీత చూపించే రేడియో సంకేతం) మీదికి 4,500 అడుగుల్లో, 230 నాట్స్‌తో వస్తాడు. ఆ తర్వాత జరిగేది గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం), తప్పు మీది. ఏది ముందు కావాలో తేల్చి చెప్పండి, అవసరమైతే ట్రాక్ మైళ్లు ఎన్ని మిగిలాయో కూడా చెప్పండి. ఆ ఒక్క అంకె పైలట్‌కి చాలా సాయం చేస్తుంది.

ఇంటర్‌సెప్ట్ దగ్గర కాస్త ఆగుదాం. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) పద్ధతిలో చివరి వెక్టర్ కోణం 45 డిగ్రీలు మించకూడదు, గ్లైడ్ పాత్ (రన్‌వేకి దిగే వాలు చూపించే రేడియో సంకేతం) తగిలేలోపే విమానం లోకలైజర్ మీద లెవెల్‌గా స్థిరపడాలి. వాడుకలో 30 డిగ్రీలే మంచిది. గ్లైడ్ మైలుకి 318 అడుగులు లెక్కన, త్రెషోల్డ్ (రన్‌వే మొదలు) కంటే 3,000 అడుగుల ఎత్తులో 9 మైళ్లు దాటాక తగులుతుంది. కాబట్టి లోకలైజర్ మీదికి 11, 12 మైళ్ల దగ్గర చేరాలి. ఇందాకటి విమానం బేస్‌లో హెడింగ్ 360 మీద ఉంది, 3,000 అడుగులు. ‘టర్న్ లెఫ్ట్ హెడింగ్ త్రీ జీరో జీరో, క్లియర్డ్ ఐఎల్ఎస్ అప్రోచ్ రన్‌వే టూ సెవెన్, రిపోర్ట్ ఎస్టాబ్లిష్డ్.’ (ఐఎల్ఎస్ అంటే లోకలైజర్, గ్లైడ్ పాత్ కలిసినది.) ఈ మాట లోకలైజర్‌కి కనీసం 2 మైళ్ల ముందు పూర్తవ్వాలి. ఎందుకంటే క్లియరెన్స్ వినేదాకా పైలట్ అప్రోచ్ మోడ్ (ఆటోపైలట్ ఐఎల్ఎస్‌ని పట్టుకునే బటన్) ఆర్మ్ చెయ్యడు. వినాలి, రీడ్‌బ్యాక్ చెప్పాలి, అప్పుడు బటన్ నొక్కాలి. లేటైతే విమానం లోకలైజర్‌ని దాటేసి ఉత్తరం వైపుకి పోతుంది, అటువైపు డౌన్‌విండ్‌లో ఇంకోటి ఉంటే చెప్పక్కర్లేదు.

గాలిని కూడా కలుపుకోండి. దక్షిణం నుంచి 30 నాట్స్ వీస్తుంటే 180 నాట్స్ విమానం దాదాపు 10 డిగ్రీలు పక్కకి జరుగుతుంది. హెడింగ్ 300 ఇస్తే నడక 310 అవుతుంది, 30 డిగ్రీల ఇంటర్‌సెప్ట్ కాస్తా 40. అప్పుడు 290 ఇవ్వండి. ఉత్తరం నుంచి వచ్చేదానికి దీనికి తిరగేసి: 240 ఇస్తే నడక 250, చేరడానికి ఎక్కువసేపు పడుతుంది, 230 ఇస్తే సరిపోతుంది. పరీక్ష వాతావరణంలో పై గాలి ఎంతో ముందే చూసుకుని ఈ రెండు హెడింగులూ కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది.

ఫైనల్ మీద 4 మైళ్లు కనిపించగానే ఊపిరి పీల్చుకోకండి. త్రెషోల్డ్‌కి 4 మైళ్లలోపు వేగం మీద మీకు అధికారం లేదు. ముందుది 160 నుంచి 140కి పడిపోతుంది, వెనకది ఇంకా 160లోనే ఉంటుంది. ఆ 4 మైళ్లలో అర మైలు పైగా కరుగుతుంది. 4 పెడితే ముందుది నేలని తాకేసరికి 3.4 మిగులుతుంది, 3.3 పెడితే సెపరేషన్ పోతుంది. వేక్ టర్బులెన్స్ (ముందు విమానం వెనక మిగిలే గాలి సుడులు) ఉంటే దీని మీద ఇంకా పెంచాలి. ఐకావో పాత బరువు వర్గాల ప్రకారం హెవీ వెనక హెవీకి 4, మీడియంకి 5, లైట్‌కి 6. మీడియం వెనక లైట్‌కి 5. ఏ380 వెనక మీడియంకి 7, లైట్‌కి 8. పరీక్షలో హెవీల మధ్యలో ఒక చిన్న ప్రొపెల్లర్ విమానం దూర్చారంటే ఊరికే దూర్చరు.

లెవెల్స్‌లో ఒక మెలిక ఉంది, థియరీలోనూ ప్రాక్టికల్‌లోనూ అడుగుతారు. ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ (దీని పైన అందరూ 1013 పెట్టుకుని ఫ్లైట్ లెవెల్స్‌లో ఎగురుతారు) 6,000, క్యూఎన్‌హెచ్ (అక్కడి సముద్రమట్టపు ఒత్తిడి) 1003. ఒకటి 6,000 అడుగుల్లో, దాని మీద ఇంకోటి ఎఫ్ఎల్70లో. ట్యాగ్‌లో (రాడార్ చుక్క పక్కన ఉండే రాత) చూస్తే వెయ్యి అడుగులున్నట్టే ఉంటుంది. హెక్టోపాస్కల్‌కి 27 అడుగులు, తేడా 10. ఎఫ్ఎల్70 అసలు ఎత్తు 6,730, మధ్యలో ఉన్నది 730 అడుగులే. క్యూఎన్‌హెచ్ 1013 కంటే తక్కువ ఉన్న రోజు వాడదగ్గ కనిష్ఠ లెవెల్ ఏదో లాగిన్ అవ్వకముందే తేల్చుకోవాలి. ఇంకోటి: ‘లీవింగ్’ అని చెప్పాడని ఆ లెవెల్ ఖాళీ అయిపోయినట్టు కాదు. మోడ్ సీలో (విమానం రాడార్‌కి పంపే ఎత్తు) 300 అడుగులు దాటి కదిలాకే ఖాళీ కింద లెక్క.

డిపార్చర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అరైవల్ దారి దాటేదాకా కింద పట్టి ఉంచి, దాటగానే వదిలేయండి. వదలడం మర్చిపోయి 5,000లోనే సెంటర్‌కి (పై దారులు చూసే కంట్రోలర్) పంపేస్తే మార్కులు పోతాయి.

గో అరౌండ్ దాదాపు తప్పకుండా వస్తుంది. టవర్ చెప్పిన వెంటనే చూడాల్సింది ఇప్పుడే లేచిన డిపార్చర్ ఎక్కడుందని. ఒకదాన్ని తిప్పి, ఇంకోదానికి ఎత్తు ఆపాక మిగతా సంగతి. తిరిగి వరసలో దూర్చడానికి 4 మైళ్ల వరసలో 8 మైళ్ల సందు కావాలి, అది దానంతటదే దొరకదు. అప్పటికింకా 30 మైళ్ల బయట ఉన్నవాడిని నెమ్మది చేసి తయారుచేసుకోవాలి. ఫైనల్‌కి దగ్గరగా ఉన్నవాళ్లని కదిపితే మొత్తం చెడుతుంది. సర్దలేనంత పేరుకుపోతే హోల్డ్ (ఒకే చోట చుట్లు తిప్పి ఆపడం) పెట్టడానికి సిగ్గుపడొద్దు: 14,000 అడుగుల దాకా ఒక నిమిషం లెగ్ (చుట్టులో తిన్నటి భాగం), ఒక చుట్టు 4 నిమిషాలు, వెయ్యి అడుగుల ఎడంతో ఒకదానిమీద ఒకటి. ఎంతసేపో పైలట్‌కి చెప్పండి. సమయానికి హోల్డ్ పెట్టినందుకు ఎవరూ ఫెయిల్ చెయ్యరు.

సాధనకి లైవ్ ట్రాఫిక్‌ని నమ్ముకోవద్దు, అది అవసరమైనప్పుడు రాదు. యూరోస్కోప్‌లో (రాడార్ సాఫ్ట్‌వేర్) సినారియో ఫైల్ రాసుకుని స్వెట్‌బాక్స్‌లో (సాధన సర్వర్) నడపొచ్చు. మొదట 6 అరైవల్స్, అందరికీ ఒకే వేగం, గాలి లేదు. అది తేలికయ్యాక 30 నాట్స్ గాలి కలపండి, తర్వాత హెవీలు, తర్వాత డిపార్చర్లు. అన్నీ ఒకేసారి పెడితే ఎక్కడ తప్పిందో తెలీదు. ప్రతి సెషన్ రికార్డ్ చేసి, ముందుది 10 మైళ్ల దగ్గరకి వచ్చినప్పుడు ఒక్కో జంట మధ్య గ్యాప్ ఎంతుందో రాసుకోండి: అనుకున్నది ఎంత, వచ్చింది ఎంత. తేడా ఎప్పుడూ ఒకే వైపుకి ఉంటే మీ బేస్ టర్న్ అలవాటు అటు ఒరిగిందన్నమాట, సరిదిద్దడం తేలిక. రెండు వైపులా ఊగుతుంటే డౌన్‌విండ్ ఎడం మారుస్తున్నారు. రీడ్‌బ్యాక్ వినడం కూడా విడిగా సాధన చెయ్యాలి. 210 అన్నదానికి 120 అని పలికే స్నేహితుడొకడిని పైలట్‌గా కూర్చోబెట్టుకోండి.

పరీక్ష ఆఖరి విమానం దిగడంతో అయిపోదు. చాలాచోట్ల పొజిషన్ ఇంకొకరికి అప్పగించమంటారు. రన్‌వే, క్యూఎన్‌హెచ్, వాడదగ్గ లెవెల్ మొదట. తర్వాత వరస ముందు నుంచి వెనక్కి, ఎవరికి ఏ హెడింగ్, ఏ వేగం ఇచ్చారో. ఆఖర్న టవర్‌కీ సెంటర్‌కీ మీరిచ్చిన మాటలు: ఎవరికి డైరెక్ట్ (నేరు దారి) ఒప్పుకున్నారు, ఏ డిపార్చర్‌ని ఆపమన్నారు. కొత్తవాళ్లు మర్చిపోయేది ఈ చివరిదే, తీసుకున్నవాడు రెండు నిమిషాల్లో దాంట్లోనే ఇరుక్కుంటాడు. అవతలివాళ్లు ‘ఐ హ్యావ్ కంట్రోల్’ అన్నాక కూడా ఒకటి రెండు నిమిషాలు ఫ్రీక్వెన్సీ వింటూ ఉండి అప్పుడు డిస్‌కనెక్ట్ అవ్వండి.