పిల్లలకి ఇంట్లో చదువు, లెక్కలు: మా తిరుపతి ఇంటి పద్ధతి

మా పాప రెండో తరగతి, ఇంగ్లీష్ మీడియం, అందుకే తెలుగు చదివించే పని ఇంట్లో మాదే. బస్టాండ్‌కి పోతే బస్సుల బోర్డులు చదవమంటా. చిత్తూరులో త కింద త వత్తు, శ్రీకాళహస్తిలో స కింద అదే త వత్తు, రెండు చోట్లా వేలు పెట్టి చూపించి మరీ చదివేసింది, నోట్‌బుక్‌లో ఎన్నిసార్లు రాయించినా పట్టుబడని వత్తు అట్లా వచ్చేసింది.

రాత్రి అన్నం తిన్నాక ఒక కథ. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఫ్రీగానే ఉన్నాయి, చిన్నోళ్లవైతే పేజీకి ఒకట్రెండు వాక్యాలే, అన్నీ బొమ్మలే. ముందు నేను చదువుతా, తర్వాత ఇద్దరం కలిసి, ఆ తర్వాత తనొక్కతే. తప్పు చదివితే వెంటనే అడ్డుపడకండి, వాక్యం అయ్యేదాకా ఆగితే చాలాసార్లు వాళ్లే సర్దుకుంటారు.

లెక్కలకి చింతగింజలు. 8కి 5 కలపాలంటే ఆ 5లోంచి 2 ఇటు జరిపితే 10 అయింది, పక్కన 3 మిగిలాయి, అంటే 13. వేళ్లు లెక్కపెడుతున్నారని మాత్రం తిట్టొద్దు ప్లీజ్, ఆ వయసులో అది మామూలే. ఎక్కాలు బట్టీ పట్టించే ముందు గింజలు నాలుగేసి మూడు వరసలు పళ్లెంలో పేర్చి, పళ్లెం పక్కకి తిప్పి చూపించండి, ఇప్పుడు మూడేసి నాలుగు వరసలు, గింజలు అవే 12! మా పాప మళ్లీ మళ్లీ తిప్పి లెక్కపెట్టుకుంది.

2021లో కేంద్రం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం పెట్టింది కూడా మూడో తరగతి అయ్యేసరికి ప్రతి బిడ్డకీ చదవడం, లెక్కలు రావాలనే. రోజుకి పావుగంట చాలు, నిద్రొస్తుంటే ఆ రోజుకి వదిలేయండి.