పన్నెండో పేపర్

ప్రమోషన్ దరఖాస్తు సోమవారం లోపు ఇవ్వాలి. పొద్దున్నే కూర్చుని నా పేపర్ల జాబితా సరిచేశాను. 17 ఏళ్లలో 31 పరిశోధన పేపర్లు. ఒక్కోదాని పక్కన సైటేషన్ల సంఖ్య, అంటే దాన్ని ఎన్ని ఇతర పేపర్లు ప్రస్తావించాయో రాయాలి. వాటిని లెక్కపెట్టే సైట్లలో గూగుల్ స్కాలర్‌ది ఒక లెక్క, స్కోపస్‌ది ఇంకో లెక్క. స్కాలర్ థీసిస్‌లనూ, ఇంకా జర్నల్లో రాని ప్రీప్రింట్లనూ కలుపుకుంటుంది కాబట్టి అక్కడ సాధారణంగా ఎక్కువే కనిపిస్తాయి. ఫారంలో అడిగింది స్కోపస్, అదే రాశాను.

తర్వాతి గడి హెచ్-ఇండెక్స్. పరిశోధకుల పనిని ఒకే సంఖ్యలో కొలవడానికి 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇది. ఎక్కువ సైటేషన్లున్న పేపర్ నుంచి వరసగా కిందికి దిగుతూ రావాలి. పేపర్ వరస సంఖ్య కంటే దాని సైటేషన్లు ఎక్కడ తగ్గిపోతాయో, దానికి పైన ఆగాలి. నాది 11 దగ్గర ఆగింది. పదకొండో పేపర్‌కి 13 సైటేషన్లు, పన్నెండో దానికి 10. ఇంకో రెండు వచ్చుంటే 12 అయ్యేది.

ఆ రెండు దగ్గరే మనసు ఉండిపోయింది. ఎందుకంటే ఆ పన్నెండో పేపర్ నాకు అన్నిటికంటే ఇష్టమైనది. అలసిన కండరం ఎలా తేరుకుంటుందో చూడ్డానికి మూడేళ్లు చేసిన పని. జాబితాలో అన్నిటికంటే పైనున్నది మాత్రం, కొలతలు తీసే రికార్డింగ్ పాత్రలో, బయటకు తీసిన కండరాన్ని కదలకుండా బిగించే ఒక చిన్న పద్ధతి. రెండు వారాల్లో అయిపోయింది, దానికి 214 సైటేషన్లు. పద్ధతుల పేపర్ల సంగతి ఎప్పుడూ ఇంతే. ప్రొటీన్ కొలిచే పద్ధతి మీద 1951లో లౌరీ బృందం రాసిన పేపర్‌కి 3 లక్షలకు పైగా సైటేషన్లున్నాయి.

మధ్యాహ్నం పన్నెండో పేపర్‌ని సైట్ చేసిన ఆ పదింటినీ ఒక్కొక్కటే తెరిచి, మా పేపర్ గురించి ఏం రాశారో చదివాను. ఇంతకుముందెప్పుడూ ఈ పని చెయ్యలేదు, చేసి ఉండాల్సింది. ఆరింటిలో ఉపోద్ఘాతంలో ఇంకో నాలుగైదు పేపర్లతో కలిపి ఒక రిఫరెన్సు నంబరు, అంతే. ఒకదాన్లో మేం చెప్పినదానికి సరిగ్గా ఉల్టా రాసి మా నంబరు పెట్టారు. దాన్ని రెండుసార్లు చదివాను, చాలా బాధేసింది. లెక్కలో అదీ ఒకటే, మిగతావీ ఒకటే.

కానీ ఒక బృందం మా ప్రయోగాన్నే మళ్లీ చేసింది. మేం 25 డిగ్రీల దగ్గర చేశాం, వాళ్లు 35 దగ్గర. కండరం త్వరగా తేరుకుంది కానీ గ్రాఫ్‌లో వంపు అచ్చం మాదే. పేపర్ వచ్చిన ఏడేళ్లకు ఎవరో అంత శ్రద్ధగా చూశారు! జర్నల్ స్థాయిని కొలవడానికి వాడే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అయితే ఆ జర్నల్లో అంతకుముందు రెండేళ్లలో వచ్చిన పేపర్లకు పడిన సైటేషన్లనే చూస్తుంది. శరీరం పనిచేసే తీరును చదివే మా ఫిజియాలజీలో ఒక ప్రయోగాన్ని కుదురుగా మళ్లీ చెయ్యడానికే రెండేళ్లు పడుతుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి నాడి మీద 1952లో రాసిన పేపర్లను మనం ఇప్పటికీ సైట్ చేస్తున్నాం కదా.

నా దగ్గర రెండు మాన్యుస్క్రిప్టులు పంపడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇంటర్వ్యూకి ఇంకా ఎనిమిది నెలలుంది. రెండింటిలోనూ పన్నెండో పేపర్‌ని సైట్ చేస్తే ఆలోగా 12 కావచ్చు. మొదటిదాన్లో అది నిజంగానే ఉండాలి, ఆ పోలిక లేకపోతే చర్చే నడవదు. రెండోదాన్లో రాత్రి నేనే ఒక వాక్యం ఇరికించాను, "ఇతర కండరాల్లోనూ ఇలాంటి ఫలితాలు కనిపించాయి" అని. అది అక్కడ అక్కర్లేదు. తీసేశాను.

మొదటి మాన్యుస్క్రిప్ట్ రిఫరెన్సులు చూస్తుంటే ఇంకోటి కంటపడింది. ఫాస్ఫేట్ కొలవడానికి మేం వాడేది ఫిస్క్-సుబ్బారావు పద్ధతి. ట్యూబులో నీలం ఎంత చిక్కబడితే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. కండరంలో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఫిస్క్ కనిపెట్టింది ఈ పద్ధతితో పనిచేస్తూనే. పేరు అందరికీ తెలుసు కదా అని ఇన్నాళ్లూ పేరు రాసి ఊరుకున్నాను, వాళ్ల 1925 పేపర్‌ని ఒక్కసారీ రిఫరెన్సుల్లో పెట్టలేదు. ఇవాళ పెట్టాను.

ఫారంలో 11 అని రాసి మూసేశాను. మా ప్రయోగాన్ని మళ్లీ చేసిన ఆ బృందానికి మెయిల్ రాశాను. వేడి పెరిగితే బయటకు తీసిన కండరం లోపలి భాగానికి ఆక్సిజన్ చాలదని మేం 25 దాటలేదు, 35 దగ్గర మీ కండరం ఎంతసేపు నిలబడింది అని అడిగాను.