ముందు నావి వేయించింది

దుబాయ్ సత్వాలో మా ఫ్లాట్‌లో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్లంతా ఫిలిప్పీన్స్ అమ్మాయిలు. మొన్న ఒకమ్మాయి పుట్టినరోజుకి లుంపియా, అంటే కీమా పెట్టి చుట్టి నూనెలో వేయించే రోల్స్, చేస్తూ, మా అందరిలో పెద్దావిడ పోర్క్ కీమా గిన్నె పక్కకి జరిపి, "ముందు నీవి వేయించేస్తా, నూనె ఇంకా కొత్తది" అంది. నేను పోర్క్ తిననని ఎప్పుడు చెప్పానో నాకే గుర్తు లేదు. ఆమె మాత్రం నా కోసం చికెన్ కీమా విడిగా తెచ్చి, వేరే చాకుతో ఉల్లిపాయ, క్యారెట్, వెల్లుల్లి తరిగి ఉంచింది. నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది.

లుంపియా చైనాలోని ఫుజియన్ నుంచి వలసవెళ్లినవాళ్లతో ఫిలిప్పీన్స్ చేరిన వంట. ఆమె చేసింది అందులో షాంఘై అనే రకం, వేలంత సన్నగా ఉంటుంది. కీమా పచ్చిదే పెడతారు కాబట్టి లావుగా చుడితే పైన మాడిపోతుంది, లోపల ఉడకదు. కాగితంలాంటి మైదా రేకులు ఆరిపోకుండా తడిబట్ట కింద ఉంచి, ఆమె ఒక్కొక్కటీ తీసి, ఒక చివర కీమా సన్నటి గీతలా పరిచి బిగించి చుడుతుంది. చివరి అంచుకి గుడ్డుసొన రాస్తుంది. సన్న సెగ మీద వేయిస్తుంది.

సాస్‌కి పైనాపిల్ రసం, వెనిగర్, పంచదార, కెచప్, చిక్కదనానికి కాస్త కార్న్‌ఫ్లోర్. ఆ కెచప్ కూడా అరటిపండుదే. టమాటాలు దొరకని రోజుల్లో మరియా ఒరోసా అనే ఆహార శాస్త్రవేత్త దాన్ని తయారు చేసిందని వాళ్లు గర్వంగా చెబుతారు. పాపం, 1945లో మనీలా యుద్ధంలో చనిపోయింది. నాకైతే ఆ సాస్ రుచికి బెల్లం ఆవకాయ గుర్తొచ్చింది. మన ఊట ముందు ఇది చప్పనే, కారం ఏదీ?

మనవాళ్లకి ఈ మర్యాద తెలియదంటే ఒప్పుకోను. కార్తీకంలో మా పిన్ని వస్తే అమ్మ నీచు తగలని మూకుడు అటక మీంచి దింపేది. ఎంత పనిలో ఉన్నా మర్చిపోయేది కాదు. కానీ అదే ఇంట్లో పనికొచ్చే ఆమె గ్లాసు కూడా వేరే. పెరటి గూట్లో బోర్లించి ఉండేది. పిన్నికి వేరే మూకుడు పిన్ని కోసం. ఆ గ్లాసు వేరుగా ఉన్నది మా కోసం. చిన్నప్పటి నుంచి రెండూ చూస్తూనే పెరిగాను, ఎన్నడూ పక్కపక్కన పెట్టి ఆలోచించలేదు.

ఇక్కడ నాకు సాస్ కూడా చిన్న కప్పులో విడిగా పోసింది. కూర్చోబెట్టింది మాత్రం తన పక్కనే. నా పళ్లెంలోంచి తనూ ఒకటి తీసుకుని, "చికెన్‌వీ బాగానే కుదిరాయి" అంది.

ఆ గ్లాసు ఆమె ఇప్పటికీ మా ఇంట్లోనే పనిచేస్తోంది. ఈసారి సెలవుకి వెళ్లినప్పుడు ఆ గ్లాసు సంగతి అమ్మతో మాట్లాడాలి. ఫోన్‌లో అయ్యే మాట కాదు.